ఇరవై ఏడు లక్షల కాగితం

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర పల్లె. రెండెకరాల వరి ఉంది. మా అబ్బాయికి 19 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ పిచ్చి, బ్యాక్‌లో, అంటే గోల్ పడకుండా అడ్డుకునే చోట, ఆడతాడు. మొన్న ఒక ఏజెంట్ వచ్చి వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బుతో మూడేళ్ళకు 27 లక్షల ఒప్పందం కుదిర్చానన్నాడు. అందులో పది శాతం, అంటే 2,70,000, సంతకానికి ముందే తనకివ్వాలట. మా ఇంటావిడ బంగారం బ్యాంకులో పెడదామనుకుంటున్నాం. ఊళ్ళో అప్పుడే మావాణ్ణి ఇరవై ఏడు లక్షల కుర్రాడు అంటున్నారు, అమ్మవారి సంబరానికి మా పేరున 21,000 చందా రాసేశారు కూడా. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడికి పదేళ్ళకు 45 కోట్ల డాలర్లు ఇచ్చారని మావాడు ఫోన్లో చూపించి, ఈ ఆటలో ఇంతే నాన్నా అంటున్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగు చదువుతాను, వాడు ఒడియా మీడియం. ఫొటోలు పంపుతున్నాను. సంతకం పెట్టించమంటారా?

జవాబు: అయ్యా, ముందు బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

మీరు ధాన్యం పండించేవారు కనక ఈ లెక్క మీకు నేను కొత్తగా నేర్పక్కర్లేదు. 2024 ఖరీఫ్‌లో మన రాష్ట్రంలో క్వింటాకి 3,100 అని అందరి నోటా వినపడింది. అందులో 2,300 కేంద్రం మద్దతు ధర, 800 రాష్ట్రం కలిపిన సాయం. తీరా మండీకి బస్తాలు తోలాక తేమ ఉందంటారు, తాలు ఉందంటారు, కట్నీ-ఛట్నీ, అంటే తూకంలో కోత, మొదలవుతుంది. ఇంటికొచ్చి మీ ఇంటావిడకి మీరు చెప్పే అంకె పాసుబుక్కులో పడిన అంకె. ఆటగాళ్ళ ఒప్పందాలకీ ఒక కట్నీ-ఛట్నీ ఉంటుంది. కాకపోతే మండీలో అది మన కళ్ళెదురుగా జరుగుతుంది, ఇక్కడ కాగితంలోనే రాసేసి ఉంటుంది. చదివినవాడికి కనిపిస్తుంది.

మీ కాగితం నేను చదివాను. రెండో పేజీలో ఒక పట్టిక ఉంది, దాని అడుగున మొత్తం విలువ 27,00,000 వరకు అని ఉంది. ఆ ‘వరకు’ మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది. పట్టికని ఒక తెల్లకాగితం మీద విడదీసి రాసుకున్నాను. మొదటి ఏడు జీతం నెలకు 25,000. కానీ ఏడాదంటే ఇక్కడ సీజన్ జరిగే తొమ్మిది నెలలే, కనక 2,25,000. రెండో ఏడు 40,000 చొప్పున 3,60,000. మూడో ఏడు 60,000 చొప్పున 5,40,000. జీతాలన్నీ కలిపి 11,25,000. సంతకం సొమ్ము 50,000. మ్యాచ్‌కి 4,000 లెక్కన ఏడాదికి 20 మ్యాచ్‌లు, మూడేళ్ళకు 2,40,000. తిండికీ గదికీ నెలకు 12,000 వెల కట్టి 3,24,000. క్లబ్బు పై లీగుకి వెళ్తే 5,00,000. జాతీయ జట్టు శిబిరానికి మీవాడు ఎంపికైతే 2,00,000. ఇంతవరకూ కూడితే 24,39,000 వచ్చింది. మిగతా 2,61,000 ఎక్కణ్ణుంచి వచ్చాయా అని మళ్ళీ మొదటి నుంచి లెక్క కూడి చూశాను. పట్టిక చివర వరసలో దొరికింది. గోల్‌కి 3,000 అట. అంటే మూడేళ్ళలో, 60 మ్యాచ్‌ల్లో, మీవాడు 87 గోల్స్ కొడతాడని లెక్క. బ్యాక్‌లో ఆడే కుర్రాడు!

నవ్వుకున్నాక మూడో పేజీకి వెళ్ళాను. అక్కడ నవ్వు రాలేదు. రెండో ఏడూ మూడో ఏడూ క్లబ్బు ఇష్టం. ప్రతి మే 31 లోపు క్లబ్బు ఉంచుకుంటానంటే ఒప్పందం సాగుతుంది, లేదంటే అక్కడితో సరి. మీవాడు ఉండిపోతానన్నా కుదరదు, వేరే క్లబ్బుకి పోతానన్నా కుదరదు. కనక ఆ తొమ్మిది లక్షల జీతం ఈ రోజుకి మీవాడిది కాదు. సంతకం సొమ్ములో సగం చేరిన రోజున, సగం సీజన్ ముగిశాక. మ్యాచ్ సొమ్ము మొదటి పదకొండు మందిలో దిగితేనే, మధ్యలో దిగితే సగం, బెంచీ మీద కూర్చుంటే ఏమీ లేదు. కొత్తగా వెళ్ళిన 19 ఏళ్ళ కుర్రాణ్ణి మొదటి సీజన్‌లో ఎన్నిసార్లు దింపుతారో మీవాణ్ణే అడగండి, వాడికి తెలుసు. తిండీ గదీ మంచివే, కానీ వాటితో మీరు ఎరువు కొనలేరు.

అన్నీ తీసేస్తే గట్టిగా చేతికొచ్చేది మొదటి ఏటి జీతం 2,25,000, చేరినప్పటి 25,000. మొత్తం 2,50,000. కాగితంలో దీన్ని ప్రొఫెషనల్ ఫీజు అన్నారు కనక పది శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. అప్పుడు 2,25,000. పట్టుకున్నది తర్వాత రిటర్న్ వేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు, దానికి ముందు పాన్ కార్డు ఉండాలి, మీవాడికి లేకపోతే ఈ వారమే చేయించండి. ఇప్పుడు ఏజెంటు అడిగింది గుర్తు చేసుకోండి. 2,70,000. ఏడాదంతా మీవాడు ఎండలో పరిగెత్తి తెచ్చేదానికంటే ఎక్కువ, వాడు పరుగు మొదలుపెట్టకముందే.

నాకు ఈ జబ్బు కొత్త కాదు. కుర్రతనంలో నాకు ఒక ప్రైవేటు కంపెనీలో 3,200 జీతం అన్నారు. మా నాన్న ఊరంతా చెప్పాడు. నెల తిరిగేసరికి చేతికొచ్చింది 1,850. మిగతాది వసతి కింద పోయిందన్నారు. వసతంటే గోడౌన్ మీద రేకుల గది. ఊళ్ళో వాళ్ళు మాత్రం నాలుగేళ్ళ పాటు నన్ను మూడు వేల రెండొందల వాడిగానే చూశారు, అప్పులు కూడా ఆ లెక్కనే అడిగారు.

ఇక మీవాడు ఫోన్లో చూపించిన అమెరికా సంగతి. ముందు ఒక మాట, అది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఆడే ఆట. అయినా వాడు చూపించిన వార్త నిజమే. ప్యాట్రిక్ మహోమ్స్ అనే, జట్టు దాడిని నడిపే, క్వార్టర్‌బ్యాక్‌తో కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు 2020 జులైలో పదేళ్ళ పొడిగింపు రాసుకుంది. విలువ 45 కోట్ల డాలర్లు, బోనస్‌లన్నీ తగిలితే 50.3 కోట్ల వరకు. సంతకం నాటికి ఏమైనా సరే ఇచ్చి తీరాల్సిన సొమ్ము మాత్రం దాదాపు 6.3 కోట్ల డాలర్లు. తక్కినది ఏ ఏటికాయేడు, ఫలానా తేదీకి జట్టులో పేరుంటే గట్టిపడే సొమ్ము. అతను గొప్ప ఆటగాడు, ఎవరూ తీసెయ్యలేదు, డబ్బు వస్తూనే ఉంది. 2023లో ఆ ఒప్పందాన్నే మళ్ళీ తిరగరాసి ముందు నాలుగేళ్ళ సొమ్ము పెంచారు కూడా. అందరి కథా అలా ఉండదు. డొనోవన్ మెక్‌నాబ్ అని ఇంకో క్వార్టర్‌బ్యాక్. 2010 నవంబరులో వాషింగ్టన్ జట్టు అతనికి ఐదేళ్ళకు 7.8 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చిందని టీవీల్లో మోగింది. గ్యారంటీ ఎంతో తర్వాత బయటపడింది, 37.5 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది అతను ఆ జట్టులోనే లేడు, మిన్నెసోటాకి పంపేశారు.

అక్కడ ఆ ఆట పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్. దాని పద్ధతే అంత. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్లబ్బుకి నచ్చకపోతే ఆటగాణ్ణి మధ్యలో తీసెయ్యొచ్చు, గ్యారంటీ అని రాసిన భాగం తప్ప మిగతాది ఇవ్వక్కర్లేదు. అందుకే చివరి రెండు మూడేళ్ళలో కొండంత అంకెలు పెడతారు. ఆ ఏళ్ళు వస్తాయని రాసేవాడూ నమ్మడు, సంతకం పెట్టేవాడూ నమ్మడు. కానీ పేపర్లో అంకె పెద్దగా కనిపిస్తుంది, ఏజెంటుకి పేరు, ఆటగాడికి పరువు. జట్టు మొత్తం జీతాలకి లీగు ఏటా ఒక పరిమితి పెడుతుంది, 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. సంతకం బోనస్‌ని లెక్కల్లో ఐదేళ్ళ వరకూ పరిచి చూపించుకునే వీలుంది కనక ఆ పరిమితిలో ఇమడ్చడానికి కూడా ఒప్పందాలు వింత ఆకారాల్లో తయారవుతాయి. పైసా పైసా గ్యారంటీ ఉన్నవీ లేకపోలేదు. 2018లో కర్క్ కజిన్స్‌కి మిన్నెసోటా ఇచ్చిన మూడేళ్ళ 8.4 కోట్ల డాలర్లు అలాంటిదే, 2022లో డెషాన్ వాట్సన్‌కి క్లీవ్‌లాండ్ ఇచ్చిన ఐదేళ్ళ 23 కోట్లు అలాంటిదే. అవి అరుదు కనకే వార్తలయ్యాయి.

మన ఫుట్‌బాల్లో రూలు వేరు, ఆటగాడికి మేలైన రూలు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నియమాల ప్రకారం సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏ పక్షమూ మధ్యలో తెంచకూడదు. సరిగ్గా ఆడట్లేదన్నది సరైన కారణం కిందికి రాదు. రెండు నెలల జీతం అక్రమంగా ఆపితే ఆటగాడు పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి బయటపడొచ్చు. అయినా పేపర్లో పడే అంకె ఇక్కడ కూడా వేరే దారుల్లో ఉబ్బుతుంది. 2021 జనవరిలో స్పెయిన్ పత్రిక ఎల్ ముండో మెస్సీ ఒప్పందాన్ని బయటపెట్టింది. 2017లో బార్సిలోనాతో రాసుకున్నది, నాలుగు సీజన్లకు 55.52 కోట్ల యూరోల పైచిలుకు. ప్రపంచమంతా నోరు తెరిచింది. కానీ అది పన్ను కట్టకముందు అంకె, సుమారు సగం పన్నుకే పోతుంది. అందులో ఒప్పందం పొడిగించినందుకు ఇచ్చింది ఒక భాగం, క్లబ్బుని వదలనందుకు ఇచ్చే విశ్వాసపు బోనస్ ఇంకో భాగం, షరతులు నెరవేరితేనే వచ్చేది మరో భాగం. దేశాన్ని బట్టి చెప్పే పద్ధతి కూడా మారుతుంది. ఇంగ్లండ్‌లో వారానికి ఇంత అంటారు, పన్నుకి ముందు. ఇటలీ పత్రికలు ఏడాదికి ఇంత అంటాయి, పన్ను పోగా. రెండూ పక్కపక్కన పెట్టి ఎవడు గొప్పో తేల్చే కుర్రాళ్ళని చూస్తుంటాను, తవ్వతో కొలిచిందీ కాటా వేసిందీ కలిపి కూడినట్టుంటుంది. ఇంకా కొందరు బదిలీ సొమ్మునే జీతం అనుకుంటారు. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ జట్టు కట్టిన 22.2 కోట్ల యూరోలు బార్సిలోనాకి చేరిన సొమ్ము, నెయ్‌మార్ జీతం అది కాదు.

రూలు మంచిదే అన్నాను కదా, రూలుతో అన్నం ఉడకదు. మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగు ఐఎస్‌ఎల్. 2025లో ఐఎస్‌ఎల్ నడిపే హక్కుల ఒప్పందం తేలక సీజన్ ఆగిపోయినప్పుడు, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తమ మొదటి జట్టు ఆటగాళ్ళకీ సిబ్బందికీ జీతాలు నిరవధికంగా ఆపుతున్నామని బహిరంగంగానే ప్రకటించింది. దేశానికి ఆడినవాళ్ళ చేతిలో సంతకాలు పెట్టిన ఒప్పందాలే ఉన్నాయి. పెద్ద లీగులో పరిస్థితి అది. మీవాడు వెళ్ళబోయేది అంతకంటే కింది మెట్టు. అక్కడ జీతం నెలనెలా పడుతుందా, మూడు నెలలకోసారి పడుతుందా అన్నది 27 లక్షల కంటే పెద్ద ప్రశ్న. నిరుడు ఆ క్లబ్బుకి ఆడిన కుర్రాడు ఎవడో ఒకడు మీవాడికి తెలిసే ఉంటాడు, లేదా వాడికి తెలిసినవాడికి తెలిసి ఉంటాడు. ఒక్క ఫోను చేయించండి. నా ఈ జవాబంతటికంటే ఆ ఫోను విలువైనది.

ఏజెంటు మోసగాడని నేను అనను, నాకు తెలియదు. అడగాల్సినవి మాత్రం అడగాలి. ఫిఫా 2023 నుంచి ఏజెంట్లకి పరీక్ష, లైసెన్సు మళ్ళీ పెట్టింది, లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు ఫిఫా వెబ్‌సైట్లో వెతుక్కోవచ్చు. మీవాడు ఫోన్లో రెండు నిమిషాల్లో చూస్తాడు. పేరు లేకపోతే మాట అక్కడితో ఆపెయ్యండి. పేరుంటే, కమిషన్ దేని మీద అని అడగండి. మీవాడు చెప్పిన ఆ అమెరికా ఆటలోనే ఏజెంటు వాటా గరిష్ఠంగా మూడు శాతం, అదీ ఆటగాడి చేతికి డబ్బు అందాక. ఇక్కడ పది శాతం, రాని డబ్బు మీద, ముందుగా. నీళ్ళలో గేదెని ఉంచి బేరమాడటం అంటే ఇదే. మీరు అతనితో ఇంతే చెప్పండి: “బాబూ, మావాడికి జీతం పడిన ప్రతిసారీ అందులోంచి నీ శాతం నీకు పంపిస్తాం, రాసిస్తాం.” నిజంగా ఆ 27 లక్షలు వస్తాయని అతను నమ్మితే దీనికి ఒప్పుకోవడంలో కష్టం లేదు. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

క్లబ్బుని అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఈ ఒప్పందాన్ని మన దేశ ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్‌ఎఫ్ వాళ్ళ సీఆర్‌ఎస్‌లో, అంటే ఆటగాళ్ళ నమోదు వ్యవస్థలో, ఎక్కిస్తారా? ఎక్కించేది ఈ కాగితమేనా, వేరొకటా? అన్ని పేజీల మీదా రెండు వైపుల సంతకాలతో ఒక ప్రతి మీకిస్తారా? రేపు పేచీ వస్తే ఏఐఎఫ్‌ఎఫ్ ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ముందు పెట్టడానికి పనికొచ్చేది ఆ ప్రతే. వైద్య పరీక్ష నెగ్గితేనే ఒప్పందం చెల్లుతుంది అని ఐదో పేజీలో ఒక వాక్యం ఉంది, అది తీయించండి. పరీక్ష కావాలంటే సంతకానికి ముందే చేసుకోవాలి, ఒప్పందం చెల్లుబాటుని దానికి ముడిపెట్టకూడదని ఫిఫా నియమమే ఉంది. రెండో ఏడు సంగతి క్లబ్బు ఒక్కదాని ఇష్టం మీద కాకుండా ఇద్దరి ఇష్టం మీద ఉండేలా అడగండి. ఇవ్వకపోవచ్చు, అయినా అడగండి. గోల్స్ బోనస్ తీసేసి, గోల్ పడకుండా ఆపిన మ్యాచ్‌కి ఇంత అని రాయమనండి. బ్యాక్‌లో ఆడేవాడికి అది న్యాయం. క్లబ్బుకీ కోపం రాదు, పైగా ఈ తండ్రికి ఆట తెలుసనుకుంటారు. పర్లాకిమిడి కోర్టు దగ్గర ఇంగ్లీషు ఒప్పందాలు చదవగలిగే వకీలుకి చూపిస్తే కొద్దిపాటి ఫీజుతో పోతుంది. భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘం, ఎఫ్‌పీఏఐ, ఒకటుంది. మీవాడు దాని సంగతి కూడా కనుక్కోవడం మంచిది.

ఇదంతా చదివి కుర్రాణ్ణి పంపడం మానేస్తారేమోనని ఒక భయం ఉంది నాకు. మానకండి. 19 ఏళ్ళ వయసులో తిండి, గది, నెలకు 25,000, రోజూ మంచి కోచ్ చేతి కింద ఆట, ఇది చిన్న అవకాశం కాదు. మన పక్క ఎంతమంది కుర్రాళ్ళు ఇందులో సగం జీతానికి విశాఖలోనో సూరత్‌లోనో పన్నెండేసి గంటలు నిలబడి పనిచేస్తున్నారో మీకు తెలుసు. రెండున్నర లక్షల ఉద్యోగం అని అనుకుని పంపితే ఇంటిల్లిపాదికీ టెన్షన్ ఉండదు. ఇరవై ఏడు లక్షలు అనుకుని పంపితే, డిసెంబరులో వాడు బెంచీ మీద కూర్చున్న ప్రతి ఆదివారం మీకు 4,000 పోయినట్టుంటుంది, ఫోన్లో వాడితో మాట్లాడే గొంతు కూడా మారుతుంది. సంబరం కమిటీ వాళ్ళకి 2,100 అని చెప్పండి. అమ్మవారికి లెక్కలు బాగా తెలుసు, ఏమీ అనుకోదు.

ఆఖరున, సంతకం పెట్టించమంటారా అన్న మీ ప్రశ్న. ఇప్పుడే చెప్పలేను. కాగితం ఆరు పేజీలని ప్రతి పేజీ అడుగునా రాసి ఉంది. మీరు పంపిన ఫొటోలు ఐదు. మూడో పేజీ చివర తొమ్మిదో క్లాజు ‘ఆటగాడు గాయపడిన పక్షంలో’ అని మొదలై ఆగిపోయింది, తర్వాత ఫొటోలో పదమూడో క్లాజు నడుస్తోంది. దెబ్బ తగిలితే జీతం ఉంటుందా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, క్లబ్బు ఎప్పుడు తీసెయ్యొచ్చు, పైన నేను గట్టి సొమ్ము అని లెక్కకట్టిన రెండున్నర లక్షలు ఏ మేరకు గట్టివి, అన్నీ ఆ మధ్యలోనే ఉండాలి. నాలుగో పేజీ మీ దగ్గర ఉండిపోయిందా, ఏజెంటు ఇవ్వనే లేదా? చూసి పంపండి.